ఊరు కాని ఊళ్ళో నగుబాటు

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మా ఇల్లు పాతబస్తీలో, శాలిబండలో. చార్మినారుకి నడిచిపోయే దూరం. అంచేత పరదేశాల నుంచి వచ్చే యాత్రికులను చూడటం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. వాళ్ళు చేసే పొరపాట్లు చూసి నవ్వుకోవటమూ అలవాటే, దాచటం ఎందుకు! ఒకావిడ మిర్చిబజ్జీ లోపల మిరపకాయ ఉంటుందని తెలియక సగానికి కొరికి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే బండి చుట్టూ గిరగిరా తిరిగింది. ఒకాయన లాడ్ బజారులో గాజులు బేరమాడుతున్న బురఖా అమ్మాయికి ఎంతో మర్యాదగా కరచాలనానికి చెయ్యి చాపాడు. ఆ పిల్ల వెనక్కు జరిగింది. చాపిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియక ఆయన గాజుల దుకాణదారు చెయ్యి పట్టుకుని ఊపి బయటపడ్డాడు.

ఒకసారి ఆషాఢంలో లాల్‌దర్వాజా అమ్మవారి బోనాలప్పుడు ఒక విదేశీ అమ్మాయి జనంలో నిలబడి చూస్తోంది. ఎవరో ముసలమ్మ ప్రసాదం పెట్టబోతే ఎడమచెయ్యి చాపింది. మేమంతా అయ్యో అనుకునేలోపు ఆ ముసలమ్మ ఒక్క మాట అనకుండా ఆ చెయ్యి మెల్లగా కిందికి దించి, కుడిచెయ్యి పట్టుకుని పైకి తీసి, అందులో ప్రసాదం పెట్టింది. పిల్ల ముఖం ఎర్రబడింది గాని, వెంటనే నవ్వేసి "థాంక్యూ అమ్మా" అంది. అంతే, అయిపోయింది.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఇటువంటి పొరపాట్ల గురించే. అయితే వాళ్ళు మన ఊళ్ళో చేసేవి కాదు, మనం వాళ్ళ ఊళ్ళో చేసేవి!

ఒకప్పుడు విదేశం వెళ్ళొచ్చిన మనిషి గల్లీకి ఒక్కరుంటే గొప్ప. ఇప్పుడో? కూతురి పురిటికని అమెరికా వెళ్ళే అమ్మలు, కొడుకు దగ్గరికని దుబాయి వెళ్ళే అమ్మలు, సెలవుల్లో పిల్లల్ని వెంటబెట్టుకుని సింగపూరు, బ్యాంకాకు వెళ్ళే దంపతులు. ఇంటిల్లిపాదికీ పాస్‌పోర్టులు. పెట్టె సర్దటం అందరికీ వచ్చేసింది. అక్కడి పద్ధతులు తెలుసుకోవటమే ఇంకా రాలేదు. నాకూ రాలేదు. అందుకే ముందు నా సంగతే చెబుతాను.

మా ఆడపడుచు పురిటికి మా అత్తగారూ నేనూ అమెరికా వెళ్ళాం. బాలింతకు పథ్యం పెట్టాలి కదా! శొంఠి, పిప్పళ్ళు, కారప్పొడులు అన్నీ కట్టుకున్నాం. వాటితోపాటు మా పెరటి చెట్టు కరివేపాకు నాలుగు రెబ్బలు తడిగుడ్డలో చుట్టి చీరల మధ్య పెట్టారు అత్తగారు. అక్కడ దిగాక అధికారి "తినే వస్తువులు ఏమన్నా తెచ్చారా?" అని అడిగాడు. అత్తగారు నా చెవిలో, "లేవని చెప్పెయ్యవే అమ్మాయ్. నలుగురిలో పెట్టె విప్పిస్తే పరువు పోతుంది" అన్నారు. నేను నోటితో ఏమీ అనకుండా తల ఊపాను. మన ఊపుడు సంగతి తెలుసుగా, అవునో కాదో ఆ పరమాత్ముడికే తెలియాలి! ఆయన దాన్ని "లేవు" అనుకున్నాడు.

నాలుగడుగులు వేశామో లేదో, చెవులు వేలాడే చిన్న కుక్క ఒకటి వచ్చి మా పెట్టె వాసన చూసి దాని పక్కనే బుద్ధిగా కూర్చుంది. అరవలేదు, కరవలేదు. ఎంత ముద్దుగా ఉందో అనుకున్నాను. అది కూర్చోవటమే సైగ అని అప్పుడు నాకేం తెలుసు? అక్కడి విమానాశ్రయాల్లో 1984 నుంచీ బీగిల్ జాతి కుక్కలకు ఈ విద్య నేర్పి పెడుతున్నారట. పెట్టె విప్పారు. చీరలు, లంగాలు, పొడుల పొట్లాలు అన్నీ బల్ల మీద పరిచారు. కరివేపాకు బయటపడింది. ఏ పరువు కాపాడుకోవాలని దాచామో, ఆ పరువు నలుగురి ముందూ బల్ల మీదే ఆరేసినట్టయింది.

ఆయన మంచివాడు. మా అత్తగారి వయసు చూసి ఆకు తీసుకుని, మందలించి పంపించాడు. కాని చెప్పిన మాట మాత్రం నేను మరిచిపోలేదు. "మీరు ఉందని చెబితే ఆకు ఒక్కటే తీసుకునేవాళ్ళం. లేదన్నారు గనుక ఇది అబద్ధం అయింది" అన్నాడు.

ఇంతకూ నాలుగు రెబ్బల కరివేపాకు మీద ఆ దేశానికి అంత పగ ఎందుకు? ఇంటికి చేరాక మా ఆడపడుచు భర్త విడమరిచి చెప్పాడు. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబంలోది. దాని మీద కంటికి సరిగా ఆనని ఒక చిన్న పురుగు బతుకుతుంది. ఆ పురుగు మోసుకెళ్ళే తెగులు నారింజ చెట్టుకు తగిలిందంటే కాయలు పక్వానికి రాక ఆకుపచ్చగానే రాలిపోతాయి, కొన్నాళ్ళకు చెట్టే చచ్చిపోతుంది. తగిలిన చెట్టును బాగుచేసే మందు లేదు. ఫ్లోరిడా రాష్ట్రంలో ఈ తెగులు 2005లో కనబడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో అక్కడి నారింజ పంట నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. ఎన్ని కుటుంబాలు తోటలు వదులుకున్నాయో! మన వంటింట్లో పోపుకి వాడే ఆకు ఇంకొకరి పొలానికి యమపాశం కావచ్చు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే నేను ఆ ఆకును ఇంట్లోనే పడేసి వెళ్ళేదాన్ని.

అంచేత మొదటి సూత్రం రాసి పెట్టుకోండి. తినే వస్తువు ఏది ఉన్నా "ఉంది" అని చెప్పాలి. కొన్ని చోట్ల కాగితం మీద అడుగుతారు, కొన్ని చోట్ల నోటితో అడుగుతారు. చెబితే, మహా అయితే ఆ వస్తువు పోతుంది. దాస్తే జరిమానా. అమెరికాలో మొదటి తప్పుకే వెయ్యి డాలర్ల దాకా వెయ్యవచ్చు. న్యూజిలాండులో ఒక్క పండు మరిచిపోయి సంచిలో ఉంచుకున్నా అక్కడికక్కడే 400 డాలర్లు. విమానంలో ఇచ్చిన యాపిలు పండయినా సరే!

ఇక గల్ఫ్ సంగతి. మా పక్కింటి ఆపా కొడుకు జెద్దాలో ఉంటాడు. ఆవిడ ప్రయాణానికి ముందు కుర్మా మసాలా దంచుకుంటుంటే కోడలు ఫోను చేసి, "అమ్మీ, అందులో ఖస్‌ఖస్ వెయ్యొద్దు" అని ఒకటికి పదిసార్లు చెప్పిందట. ఖస్‌ఖస్ అంటే మన గసగసాలే. మనకు అవి కూరలో చిక్కదనానికి వేసుకునే దినుసు. కాని అవి నల్లమందు మొక్క గింజలు. అందుకని సౌదీ అరేబియాలోనూ, దుబాయి ఉన్న ఎమిరేట్స్‌లోనూ వాటిని మాదకద్రవ్యాల కింద నిషేధించారు. సింగపూరులో కూడా ఊరికే తీసుకుపోవటానికి వీల్లేదు. తెలియక తెచ్చానంటే వినరు. పోలీసు ఠాణా, జైలు దాకా పోయే వ్యవహారం. ఇంట్లో కలిపిన మసాలా పొడిలో ఏమేం పడ్డాయో మనకు మాత్రం గుర్తుంటుందా? కాబట్టి గల్ఫుకు వెళ్ళేటప్పుడు గసగసాలు పడ్డ పొడి ఏదీ పెట్టెలో పెట్టకండి.

మందులూ అంతే. కోడీన్ కలిసిన దగ్గుమందు, ట్రమడాల్ వంటి గట్టి నొప్పిమాత్రలు ఆ దేశాల్లో ముందుగా అనుమతి లేకుండా పనికిరావు. మీ మాత్రల పేర్లు డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకుని, మాత్రలు వాటి అట్టల్లోనే ఉంచి తీసుకువెళ్ళండి. డబ్బాల్లో పోసి కలిపెయ్యకండి.

ఎండుకొబ్బరి కుడుకల మాట. వాటిలో నూనె ఎక్కువ, వేడికి అంటుకునే స్వభావం. మన దేశంలో 2022 నుంచి వాటిని విమానం సామానులో వేసుకోనివ్వటం లేదు. నెయ్యి, ఊరగాయ సీసాలు చేతిసంచిలో పెట్టుకోకండి. ద్రవపదార్థం ఏదైనా 100 మిల్లీలీటర్లు దాటితే తనిఖీ దగ్గరే తీసి పక్కన పెడతారు. ఏడాదంతా తాగించి పెట్టిన ఆవకాయ అట్లా చెత్తబుట్టలో పడుతుంటే చూడటం ఏ తల్లికైనా కష్టమే కదూ!

ఇంకొకటి. "మా అబ్బాయికి ఈ చిన్న పొట్లం అందించండి అక్కయ్యా" అని వీధిలో సగం తెలిసిన వాళ్ళు తెచ్చిస్తారు. మొహమాటానికి పోకండి. మీ పెట్టెలో దొరికినది మీదే అంటారు. విప్పి చూడనివ్వని పొట్లం ముట్టుకోవద్దు.

సరే, ఊళ్ళో అడుగుపెట్టాం. ఇప్పుడు ఇళ్ళలో జరిగే నగుబాట్లు. అమెరికాలో చాలా ఇళ్ళు చెక్కతో కట్టినవి. స్నానాలగదిలో తొట్టి లోపల తప్ప నేల మీద నీళ్ళు పోయే తూము ఉండదు. నేను మొదటిరోజు మన పద్ధతిలో తొట్టి బయట బకెట్టు పెట్టుకుని సుబ్బరంగా తలంటు పోసుకున్నాను. ఆ నీళ్ళు చెక్కలోంచి దిగి కింది వాటా వాళ్ళ పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా కారాయట. ఆ ఇంటాయన వచ్చి తలుపు కొట్టాడు. మా ఆడపడుచు ఇంగ్లీషులో క్షమాపణ చెబుతుంటే మా అత్తగారు వెనక నుంచి, "నాలుగు చుక్కలు పడితే ఏమైంది? మూతి ఎట్లా పెట్టాడో చూడు" అన్నారు. ఆయన చల్లగా, "పర్వాలేదమ్మా, మాది కరీంనగరే. నీళ్ళు ఆపితే చాలు" అన్నాడు!

ఆ రోజు మా అత్తగారు మధ్యాహ్నం దాకా గది దాటి బయటికి రాలేదు. కాబట్టి సోదరీమణులారా, మన భాష ఎవరికి తెలుస్తుందిలే అనుకోకండి. 2010కీ 2017కీ మధ్య అమెరికాలో అందరికంటే వేగంగా పెరిగింది తెలుగు మాట్లాడే వాళ్ళేనని అక్కడి లెక్కలు. బస్సులో, బజారులో, లిఫ్టులో మీ పక్కవాళ్ళ గురించి మీరు అనే మాట వాళ్ళకు అర్థమవుతుందనే అనుకుని మాట్లాడండి. స్నానం మాత్రం తొట్టి లోపల నిలబడి, తెర అంచు తొట్టి లోపలికి వేసుకుని చెయ్యండి.

పోపు సంగతి సరేసరి. ఎండుమిరపకాయల ఘాటుకి మనం తుమ్ముతాం. అక్కడ పైకప్పుకి బిగించిన పొగ గంట మోగుతుంది. కొన్ని పెద్ద భవనాల్లో ఆ గంట నేరుగా అగ్నిమాపక దళానికే వినిపిస్తుంది. ఎర్రబండి వచ్చి నిలబడితే మూడంతస్తుల వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికి వస్తారు. అంచేత ముందు పొయ్యి మీది గాలిమర వేసి, కిటికీ తీసి, తర్వాత బాణలి పెట్టండి. హోటలు గదుల్లో అగరొత్తులు, కర్పూరహారతి పొరపాటున కూడా వెలిగించకండి. దణ్ణం పెట్టుకుంటే దేవుడు కాదంటాడా?

ఇక నోరు, చెయ్యి. "జీతం ఎంత? పెళ్ళెప్పుడు? ఇంకా పిల్లలు లేరా?" ఇవి మనకు ఆప్యాయతకు అడిగే ప్రశ్నలు. అక్కడివాళ్ళకు ఇవి సొంత విషయంలో చొరబడటం. పార్కులో కనబడ్డ పసిపిల్ల బుగ్గ పుణకటం, ఎత్తుకోవటం, ఫోటో తియ్యటం తల్లిని అడగకుండా చెయ్యకూడదు. మారాం చేసే మనవడి వీపు మీద ఒకటి వెయ్యటం మనకు మామూలు. స్వీడనులో 1979 నుంచీ కన్నతల్లయినా బిడ్డను కొట్టకూడదని చట్టమే ఉంది. ఆ దారిలో నడిచిన దేశాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. పిల్లవాడిని కారులో వదిలి దుకాణంలోకి వెళ్ళటం కూడా పోలీసులను పిలిపించే తప్పు.

పిల్లల తల నిమరటం మనకు ఆశీర్వాదం. థాయిలాండులో తల పవిత్రమైన చోటు, పరాయివాళ్ళు ముట్టుకుంటే నొచ్చుకుంటారు. బుద్ధుడి విగ్రహం వైపు కాళ్ళు చాపి కూర్చోవటం ఇంకా పెద్ద తప్పు. ఇది మనకు తేలిగ్గానే అర్థమవుతుంది, గుళ్ళో మనమూ అట్లా కూర్చోం కదా! జపానులో ఇంటి గడపలోనే చెప్పులు విడవాలి, అది మనకు అలవాటే. కాని మరుగుదొడ్డికి వేరే చెప్పులు పెడతారు. అవి వేసుకునే హాల్లోకి వచ్చి కూర్చుంటే ఇంటివాళ్ళు నవ్వాపుకోలేక చస్తారు. అమెరికాలో హోటల్లో భోజనం పెట్టినవాళ్ళకు బిల్లు మీద నూటికి పదిహేను, ఇరవై వంతులు అదనంగా ఇవ్వకపోతే తప్పు. జపానులో అట్లా ఇస్తే, ఏదో మరిచిపోయారనుకుని వెంటపడి తిరిగి ఇచ్చేస్తారు. దుబాయిలో దారినపోయే ఆడవాళ్ళకు, వాళ్ళు ఒప్పుకోకుండా ఫోటోలు తియ్యటం నేరం. చార్మినార్ దగ్గర మా ఆడపిల్లలను అడగకుండా ఎవరైనా ఫోటో తీస్తే మాకు ఎట్లా ఉంటుందో ఒక్కసారి తలుచుకుంటే ఈ నియమం వేరే బోధించనక్కర్లేదు. సింగపూరులోకి నమిలే పొగాకు తీసుకుపోకూడదు, రోడ్డు మీద ఉమ్మితే జరిమానా. జర్దా పాన్ వేసుకునే మా వీధి మగవాళ్ళకు ఈ ముక్క మీరే చెప్పాలి.

ఇన్ని దేశాల ఇన్ని నియమాలు ఎవరికి గుర్తుంటాయండీ అని మీరు అనవచ్చు. నిజమే, నాకూ ఉండవు. అన్నీ కంఠతా పట్టి వెళ్ళమని కాదు నేను చెప్పేది. పొరపాటు అందరూ చేస్తారు. కాని ఆ పొరపాటు తర్వాత సిగ్గుపడి నోరు మూసుకోవటం ఉంది చూశారూ, అది పొరపాటు కన్నా ప్రమాదం. ఈ మాట మా పిన్ని వల్ల తెలిసింది.

మా పిన్ని ఒంటరిగా కొడుకు దగ్గరికి బయలుదేరింది. మధ్యలో ఒక చోట దిగి విమానం మారాలి. చీటీ మీద రాసిన గుమ్మం ముందుకు వెళ్ళి కూర్చుంది. తర్వాత ఆ గుమ్మం నంబరు మార్చారు. ఇంగ్లీషులో ఏదో చెప్పారు, ఈవిడకు అందలేదు. పక్కన కూర్చున్నవాళ్ళంతా లేచి వెళ్ళిపోతుంటే అనుమానం వచ్చింది గాని, "ఇంగ్లీషు రాని పల్లెటూరిది అనుకుంటారేమో" అని ఎవరినీ అడగలేదు. విమానం వెళ్ళిపోయింది. పిన్నికి చక్కెర జబ్బు. వేళకు తినలేదు. మందులు చూస్తే పెద్దపెట్టెతో పాటు విమానంలో పోయాయి. నీళ్ళ పంపు ఎట్లా తిప్పాలో తెలియక నీళ్ళు కూడా తాగలేదు. నాలుగు గంటలు అట్లాగే కూర్చుంటే చేతులు వణకటం మొదలైంది.

ఎదురుగా నేల తుడుస్తున్న ఒక అమ్మాయి చూసి దగ్గరికి వచ్చింది. "ఏమైందమ్మా?" అంది, తెలుగులోనే! నిజామాబాద్ పిల్ల. పొట్టకూటికి అక్కడ పనిచేస్తోంది. చక్కెర ఎక్కువ వేసిన చాయ్ తెచ్చి తాగించి, చెయ్యి పట్టుకుని కౌంటరు దాకా తీసుకువెళ్ళి, వేరే విమానం చీటీ ఇప్పించింది. ఆ నాలుగు గంటలూ ఆ పిల్ల పది గజాల దూరంలోనే తిరుగుతోందట. పిన్ని ఒక్కసారి నోరు విప్పి పిలిస్తే చాలు, మొదటి విమానమే అందేది. "నా సిగ్గు నన్ను చంపబోయింది" అంటుంది పిన్ని ఇప్పటికీ.

కాబట్టి పెద్దవాళ్ళను ఒంటరిగా పంపేటప్పుడు టికెట్టు తీసుకునేటప్పుడే చక్రాల కుర్చీ సాయం అడగండి. నడవలేని వాళ్ళకే అనుకోకండి, దారి తెలియని వాళ్ళకూ అది ఆసరా. మందులు, ఇన్సులిను, నాలుగు బిస్కెట్లు చేతిసంచిలోనే ఉండాలి. డాక్టరు చీటీ ఉంటే ఇన్సులినుకు ఆ 100 మిల్లీలీటర్ల అడ్డు లేదు. "నాకు తెలుగు మాత్రమే వచ్చు, నేను ఫలానా ఊరు వెళ్ళాలి, నా కొడుకు ఫోను నంబరు ఇది" అని ఇంగ్లీషులో ఒక కాగితం రాసి చేతికివ్వండి. అది చూపించటానికి నామోషీ పడవద్దని మరీమరీ చెప్పండి. అవునో కాదో తల ఊపకుండా నోటితో చెప్పమనండి.

కరివేపాకు కథ అంతా చెప్పినప్పుడు మా పక్కింటి ఆపా నవ్వి, "పూఛే తో క్యా జాతా అమ్మా, బోలే తో క్యా జాతా?" అంది. అడిగితే ఏం పోతుంది, ఉన్నది చెబితే ఏం పోతుంది అని. ఆవిడ బడికి వెళ్ళింది లేదు, అయినా నాలుగుసార్లు జెద్దా వెళ్ళి ఏ నగుబాటూ లేకుండా తిరిగి వచ్చింది. పదో తరగతి చదివి రేడియోలో మాట్లాడే నేను కుక్క చేత పట్టుబడ్డాను!

లాల్‌దర్వాజాలో ఎడమచెయ్యి చాపిన ఆ పిల్లను మనం ఎవరం కోప్పడలేదు. తెలియక చేసిందని మనకు తెలుసు. తప్పు దిద్దగానే నవ్వి ఒప్పుకుంది, మనకు ముద్దొచ్చింది కూడా. మనం వెళ్ళిన ఊళ్ళో కూడా చెయ్యి పట్టుకుని దిద్దే ముసలమ్మలు ఉంటారు, నేల తుడిచే పిల్లలు ఉంటారు. వాళ్ళకు మన ఇబ్బంది తెలియాలంటే మనం నోరు విప్పాలి.

వచ్చే సెలవులకు ప్రయాణం కట్టేవాళ్ళు పెట్టె సర్దే ముందు ఒక్కసారి ఈ మాటలు తలుచుకోండి. మసాలా పొడి డబ్బా మూత తీసి వాసన కూడా చూడండి!